ఎత్తనక్కర్లేని బండి

ఫిబ్రవరి 4, 1974

పొద్దున అంకారావు నన్ను వరండాలోంచి ఎత్తి రిక్షాలో కూర్చోబెట్టబోతూ మెట్టు మీద కాలు జారాడు. పడలేదు. నన్ను గోడకి నొక్కిపెట్టి నిలదొక్కుకున్నాడు. నా మోచెయ్యి గీరుకుపోయింది. కుచ్చెళ్లు ఊడాయి. ఎదురింటి అరుగు మీద ఉన్నవాళ్లు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, తర్వాత నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, గండం తప్పిందని నవ్వే నవ్వు. నాకు అదే ఎక్కువ మండింది.

ముప్పై ఆరేళ్లదాన్ని. తిరువూరులో సగం మంది గుమాస్తాలకి టైపు నేర్పినదాన్ని. రోజుకి నాలుగుసార్లు బియ్యం బస్తాలా ఒక మగవాడి చేతుల్లోకి వెళ్తాను. ఇంటి నుంచి రిక్షాలోకి, రిక్షాలోంచి ఇన్‌స్టిట్యూట్‌లోకి, మళ్లీ రిక్షాలోకి, మళ్లీ ఇంట్లోకి. నాలుగో ఏట జ్వరంలో కాళ్లు పోయాక నాన్న ఎత్తుకునేవాడు. నాన్న పోయాక అన్నయ్య. అన్నయ్యకి పెళ్లయ్యాక అంకారావు వచ్చాడు. వదిన ఏమీ అనలేదు. ఆవిడ ఏదీ అనదు.

ఫిబ్రవరి 5

మోచెయ్యి వాచింది. "అయ్యో, నూనె రాయనా?" అంది వదిన గుమ్మం అవతల నుంచే. వద్దన్నాను. సరేనని వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 16

టైపు మిషన్లు శుభ్రం చేయడానికి బెజవాడ మెకానిక్ వచ్చాడు. రిబ్బను చుట్టలు విప్పుతూ మాటల్లో అన్నాడు.

"టీచరుగారూ, గవర్నరుపేటలో మీలాంటాయనే ఒకాయన బ్యాటరీ బండి మీద తిరుగుతున్నాడండీ."

మీలాంటాయన అన్నందుకు నాలిక కరుచుకున్నాడు. నేను విననట్టే ఊరుకుని, పెట్రోలు బండా అని అడిగాను.

"కాదండీ. పెట్రోలూ లేదు, చప్పుడూ లేదు. మూడు చక్రాలు. సీటు కింద రెండు లారీ బ్యాటరీలు. రాత్రి కరెంటు పెడితే పగలు నడుస్తుంది. ఆటోనగర్లో దేవానందం అని మావాడే చేశాడు. సీటు కూడా ఇంతెత్తులోనే ఉంటుందండీ." మోకాలి కింద అరచెయ్యి పెట్టి చూపించాడు.

ఆ చేతినే చూస్తూ ఉండిపోయాను. అంత ఎత్తయితే నేల మీద నుంచి నేనే ఎక్కగలను. ఇంట్లో నా మంచం అంతే ఎత్తు.

ఫిబ్రవరి 24

దేవానందానికి కార్డు రాశాను. జవాబు వచ్చింది. నాలుగు వేల రెండు వందలట, సగం ముందు ఇవ్వాలట. పాతది కావాలంటే ఆ గవర్నరుపేట ఆయన తన బండి రెండున్నర వేలకి అమ్మేస్తున్నాడట.

రాత్రంతా లెక్కలు వేశాను. చేత్తో తిప్పే బండి ఆరు వందలకి వస్తుంది. కానీ మా ఊరు ఎత్తుపల్లాల ఊరు. మా వీధి నుంచి ఇన్‌స్టిట్యూట్‌కి ఎక్కేసరికి జాకెట్టు తడిసిపోయి పిల్లల ముందు కూర్చోవాలి. స్కూటరుకి పక్క చక్రాలు వేయించుకున్నవాళ్లున్నారు. దాని బ్రేకు కాలి కింద ఉంటుంది. పైగా ఈ పెట్రోలు ధరకి అన్నయ్యే మోటారుసైకిలు మీద గోనెపట్టా కప్పి బస్సెక్కుతున్నాడు. బ్యాటరీ బండికి కరెంటు ఖర్చు పెద్దగా ఉండదు కానీ రెండేళ్లకోసారి బ్యాటరీలు మార్చాలి, అదో ఏడెనిమిది వందలు. కరెంటు కోత ఉన్న రోజు బండి కదలదు. అంకారావుకి నెలకి యాభై.

ఎలా చూసినా అన్నిటికంటే చవక అంకారావే. అతను ఎత్తేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుంటాడు, నేనూ తిప్పుకుంటాను. దానికి ఎంత కట్టాలో ఏ లెక్కలోనూ రాదు.

ఫిబ్రవరి 25

పోస్టాఫీసులో ఉన్న డబ్బు నాదే. ఎవరినీ అడగక్కర్లేదు. అయినా అడగాలి.

మార్చి 3, ఆదివారం

అన్నయ్యకి చెప్పాను. భోజనం చేసి పడక్కుర్చీలో ఉన్నాడు. వదిన తమలపాకులు తుడుస్తోంది.

"ఇప్పుడు దేనికి లోటు చేశామమ్మా?" అన్నాడు.

"లోటని కాదన్నయ్యా."

"అంకారావు ఉన్నాడు. ఎక్కడికెళ్లాలన్నా తీసుకెళ్తాడు. అయినా నువ్వు ఇన్‌స్టిట్యూట్‌కి తప్ప ఎక్కడికెళ్తావు?"

"ప్రమీల ఇంటికి వెళ్తాను."

వదిన చెయ్యి ఆగింది. ఆకు మళ్లీ తుడవసాగింది.

"రేపు నడిబజార్లో బండి ఆగిపోతే జనం నన్నంటారు. అన్న ఉండి చెల్లెల్ని రోడ్డు మీద వదిలేశాడంటారు" అన్నాడు అన్నయ్య.

"ఆగిపోతే అంకారావుని పిలుస్తాను."

నవ్వాడు. నవ్వాడంటే ఒప్పుకున్నట్టే. అన్నయ్య మంచివాడు. నేను ఊరికే అనుమానపడతాను.

మార్చి 4

ప్రమీలని చూసి ఎన్నాళ్లయింది? అమ్మ పోయినప్పుడు వచ్చింది. అంటే పదకొండేళ్లు. హైస్కూల్లో అయిదేళ్లు ఒకే బల్ల మీద కూర్చున్నాం. నా పుస్తకాలు అదే మోసేది. పెళ్లయి ఇదే ఊళ్లో ఉంటోంది, అవతలి చివర, సమితి ఆఫీసు దాటాక. తనకేమో ఇంటి చాకిరీ. నేను వెళ్దామంటే, "రిక్షావాడు నిన్నెత్తుకుని మా ఇంట్లోకి రావడం మా అత్తయ్యకి బాగోదే" అని చెప్పి పంపింది. పాపం, ఎంత ఇబ్బందిపడి చెప్పి ఉంటుందో. బండి వస్తే ఆ బాధ ఉండదు. వాళ్ల వాకిట్లోనే బండిలో కూర్చుని మాట్లాడుకోవచ్చు.

మొదటి ప్రయాణం అక్కడికే.

మార్చి 17, ఆదివారం

బెజవాడ వెళ్లాం. అన్నయ్య టాక్సీ మాట్లాడాడు. ఎక్కించిందీ దించిందీ డ్రైవరే. కొత్త చేతులు, బీడీ వాసన.

ముందు పాత బండి చూశాం. గవర్నరుపేట సందులో వెంకటప్పయ్యగారి ఇల్లు. రిటైరయిన రైల్వే ఆయన, పక్షవాతంతో ఒక పక్క పడిపోయింది. బండి వసారాలో ఉంది, మీద పాత దుప్పటి. అన్నయ్య చక్రాలు తిప్పి చూశాడు. మాతో వచ్చిన దేవానందం మూత తీసి బ్యాటరీలు చూపిస్తూ, "బంగారంలా ఉన్నాయండీ, ఇంకో అయిదేళ్లు ఢోకా లేదు" అన్నాడు. రెండేళ్లకే మార్చాలని కార్డులో రాసింది తనే.

"ఎందుకమ్ముతున్నారండీ? చెడిపోయిందా?" అన్నాను.

"నడుస్తుందమ్మా. శుభ్రంగా నడుస్తుంది" అన్నాడు వెంకటప్పయ్యగారు. నోరు ఒక పక్కకి పోవడంవల్ల మాట ముద్దగా వస్తోంది. "మొదట్లో రోజూ వెళ్లేవాణ్ణి. పార్కుకి, స్టేషనుకి, పాత స్నేహితుల ఇళ్లకి. ఇప్పుడు వెళ్లడం లేదు."

"ఒంట్లో బాగోకనా?"

"బాగానే ఉంది."

ఇంకేమైనా చెబుతాడేమోనని చూశాను. లోపల్నుంచి కోడలు మజ్జిగ తెచ్చింది. ఆయన గ్లాసు అందుకుని తలుపు వైపు తిరిగాడు.

అన్నయ్య పాతదే తీసుకోమన్నాడు. పదిహేడు వందలు మిగులుతాయి కదా అన్నాడు. నిజమే. కానీ ఆ దుప్పటి చూస్తే నాకెందుకో చేతులు రాలేదు. కొత్తదానికే ఇరవై ఒక్క వందలు కట్టాను. ఒకరు వద్దనుకున్నది నాకెందుకు?

ఏప్రిల్ 22

దేవానందం నెలలో ఇస్తానన్నాడు. ఇంకా మోటారు దొరకలేదట.

మే 15

రైళ్ల సమ్మె. బ్యాటరీలు మద్రాసులో ఆగిపోయాయట. ఈలోగా ధర పెరిగిందని ఇంకో మూడు వందలు అడుగుతున్నాడు. ఇస్తానని రాశాను. ఇవ్వక ఏం చేస్తాను, సగం డబ్బు వాడి దగ్గరుంది.

మే 16

ఎండలో రిక్షా సీటు కాలిపోతోంది. అంకారావు తువ్వాలు తడిపి పరిచాడు. వీడి నెల జీతం నేను కొట్టేయబోతున్నాను. అది తలుచుకుంటే రాత్రి అన్నం సహించడం లేదు. ఇద్దరు పిల్లలు వాడికి. బండి వచ్చినా మిషన్లు మోయడానికో దేనికో పిలిచి సగం జీతమైనా ఇవ్వాలి.

జూన్ 19

వచ్చింది.

లారీ మీద మామిడికాయల గంపల మధ్య వచ్చింది. ఆకుపచ్చ రంగు. దేవానందం కూడా వచ్చి నేర్పాడు. ఎడమ చేతికి బ్రేకు, కుడి చేతికి చిన్న మీట. మీట ముందుకి తోస్తే కదులుతుంది. అంతే. నేను మంచం మీద నుంచి నేలకి, నేల మీద నుంచి సీటుకి చేతుల మీద జరిగి ఎక్కి కూర్చున్నాను. ఎవరూ ముట్టుకోలేదు.

వీధి చివరిదాకా వెళ్లి వచ్చాను. పిల్లలు వెంటపడ్డారు. అన్నయ్య గేటు దగ్గర నిలబడి, "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నాడు.

జూన్ 21

బండి వరండాలోకి ఎక్కాలంటే మెట్ల మీద వాలుగా గచ్చు వేయాలి. మేస్త్రీ వచ్చాడు. వదిన వచ్చింది.

"వీధి గుమ్మం మెట్లు పూడ్చేస్తే ఇంటికి మంచిది కాదంటారు. దొడ్డి వైపు వేయిస్తే సరిపోదా? అక్కడైతే నీకూ నీడ" అంది.

దొడ్డి వైపే వేశారు. పశువుల పాక పక్కనుంచి దారి. నిజంగానే నీడ ఉంది.

జూన్ 24

అంకారావుకి చెప్పాను. రెండు రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాను. ఇంకో పని చూసుకోమనడం లేదని, సగం జీతం ఇస్తూనే ఉంటానని చెప్పబోయాను. మధ్యలోనే అందుకున్నాడు.

"మంచిదమ్మగారూ. నాలుగేళ్ల నుంచి నడుం పట్టేస్తంది. రాత్రిళ్లు మా ఆడది కాపడం పెడతా ఉంటది. మానేస్తానంటే అయ్యగారేమనుకుంటారోనని నోరు మూసుకున్నా."

"నాలుగేళ్లా? నాకెందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పమంటారు, మీరు బరువని చెప్పేదా?" అని నవ్వేశాడు. మనసులో ఏదీ పెట్టుకోకుండా నవ్వాడు. నెల జీతం చేతిలో పెడితే కళ్లకద్దుకున్నాడు. సగం జీతం మాట నేను ఎత్తలేదు.

వాడి కోసం నెల పైగా అన్నం మానుకున్నాను నేను!

జూన్ 29

ఇవాళ ఇన్‌స్టిట్యూట్ నుంచి తిన్నగా ఇంటికి రాలేదు. బజారుకి వెళ్లాను. పూలకొట్టు ముందు ఆగాను. ఆగమని ఎవరికీ చెప్పకుండా ఆగాను. మల్లెపూలు బేరమాడాను, కొనకుండా కదిలాను, మళ్లీ వెనక్కి తిప్పి కొన్నాను. ఇన్నేళ్లలో ఒక కొట్టు ముందు మనసు మార్చుకోవడం ఇదే మొదలు. రిక్షాలో ఉంటే, పాపం ఎండలో నిలబెట్టానని గబగబా ఏదో ఒకటి తీసుకునేదాన్ని.

ఎ.కొండూరు రోడ్డు మీద రెండో కల్వర్టు దాకా వెళ్లాను. గాలి. ఎవరి వీపూ ఎదురుగా లేదు. రోడ్డు మొత్తం కనిపిస్తోంది.

జులై 7, ఆదివారం

ప్రమీల ఇంటికి వెళ్లాను. ఇంట్లో లేదు. వినగడపలో వాళ్ల ఆడపడుచు ఇంటికి వెళ్లిందట. వాళ్లమ్మాయి చెప్పింది. బండి బాగా నడిచింది.

జులై 8

"ప్రమీలారాణి ఎలా ఉంది?" అని వదిన అడిగింది. బాగుంది, కాఫీ ఇచ్చింది అన్నాను.

ఇంట్లో లేదని చెబితే పోయేది. కాఫీ ఇచ్చిందని ఎందుకన్నానో.

జులై 10

ఆదివారం మధ్యాహ్నం వినగడప బస్సు ఉండదు. పొద్దున్నే వెళ్లి ఉంటుంది.

జులై 11

వాన. పిల్లలు రాలేదు. ప్రమీల నేనొచ్చానని తెలిసి ఈపాటికి కబురు చెయ్యాలి. అమ్మాయి చెప్పడం మరిచిపోయి ఉంటుంది. పదహారేళ్ల పిల్లలకి ఏం గుర్తుంటుంది.

జులై 14, ఆదివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను. అబద్ధాలు వదినకి చెప్పింది చాలు, ఈ పుస్తకానికి కూడా ఎందుకు?

సాయంత్రం దాకా కరెంటు లేదు. వచ్చీ రాగానే బండికి చార్జింగు పెట్టాను. ఫ్యూజు కొట్టేసింది. ఇల్లంతా చీకటి. వంటింట్లో వదిన చేతిలో పులుసు గిన్నె ఒలికింది. కాలు కాలింది, కొంచెమే. అన్నయ్య ఇంట్లో లేడు.

"రోజూ ఇదే గోల!" అని అరిచింది. ఏనాడూ ఏమీ అనని మనిషి. "బండి వస్తే కాస్త ఊపిరి పీల్చుకుంటాననుకున్నాను. ఇప్పుడు దీని చాకిరీ ఒకటి! గచ్చు కావాలి, కరెంటు కావాలి, వాన వస్తే పట్టా కప్పాలి."

"నేను కప్పుకుంటాను వదినా. నిన్నేమీ అడగలేదు."

"అడక్కపోతే మాత్రం? పద్దెనిమిదేళ్లుగా నీ కోసం ఈ ఇల్లు కదలకుండా కూర్చున్నాను. మా పుట్టింటికి నాలుగు రోజులు వెళ్లి ఎరగను. ప్రమీలే నయం. తలుపు చాటున నిలబడి తప్పించుకుంది. నన్నెక్కడ దాక్కోమంటావు?"

చీకట్లో ఆవిడ మొహం కనబడలేదు. మాట నోట్లోంచి వచ్చేశాక తనే ఆగిపోయింది.

"నీకెవరు చెప్పారు?" అన్నాను.

కాలి మీద నీళ్లు పోసుకుంటూ చెప్పింది. సినిమా హాల్లో కలిసిందట ప్రమీల. "ఇన్నాళ్లూ రాలేదులే అనుకున్నాను. ఇప్పుడు బండి కొనుక్కుంది. ఇంక ప్రతి ఆదివారం వస్తుందేమోనని గుండె గుభేలుమందనుకో" అందట. నవ్వుతూనే అందట.

పోయిన ఆదివారం నేను ప్రమీల వాకిట్లోకి వెళ్లేసరికి లోపల రేడియో వినిపిస్తోంది. ప్రమీల నవ్వు వినిపించింది. స్కూల్లో నవ్విన నవ్వే, మధ్యలో చిన్న దగ్గుతో. బండికి చప్పుడు లేదు కదా, నేను వచ్చినట్టు వాళ్లకి తెలియలేదు. "ప్రమీలా" అని పిలిచాను. రేడియో ఆగింది. అమ్మాయి బయటికొచ్చి నా మొహం చూడకుండా, "అమ్మ ఇంట్లో లేదండీ, వినగడప వెళ్లింది" అంది. గుమ్మానికి తెర ఉంది. నిలబడ్డవాళ్లకి తెరే కనిపిస్తుంది. నా సీటు ఎత్తు మోకాలి కింద. తెర కింద నుంచి నాకు పాదాలు కనిపించాయి. పసుపు రాసుకున్న పాదాలు, మెట్టెలు, ఎడమ కాలి బొటనవేలు పక్కకి వంకర. అయిదేళ్లు బల్ల కింద చూసిన పాదాలు.

"సరే, వచ్చాక సరోజిని వచ్చిందని చెప్పమ్మా" అన్నాను. తిరిగి వచ్చాను.

పదకొండేళ్లు మా ఇద్దరి మధ్యా ఉన్నది ఆ ఊరంత దూరం అనుకున్నాను. నాలుగున్నర వేలు పోసి ఆ దూరం కొని తీసేయించాను. తీసేశాక చూస్తే అవతల ఎవరూ లేరు.

జులై 15

వదిన పాలు తెచ్చి మంచం పక్కన పెట్టింది. కాలికి గుడ్డ కట్టుకుంది. "ఏదో కోపంలో అన్నానమ్మా" అంది. నాకు కోపం రాలేదు. పద్దెనిమిదేళ్లలో ఆవిడ నాతో మాట్లాడింది నిన్నే.

జులై 21, ఆదివారం

అన్నయ్యతో చెప్పాను.

"ఇన్‌స్టిట్యూట్ వెనక గది ఖాళీగా ఉంది. అక్కడ ఉంటానన్నయ్యా. బండి తిన్నగా లోపలికి పోతుంది. మెట్లు లేవు."

అతను కాదంటాడని, ఊరేమనుకుంటుందంటాడని, నాన్న బతికుంటే ఒప్పుకునేవాడా అంటాడని అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఒక్కొక్కదానికి రెండేసి జవాబులు.

అన్నయ్య చేతి గోళ్లు చూసుకున్నాడు.

"ఆ గదికి కరెంటుందా?" అన్నాడు.

"ఉంది."

"సరేనమ్మా. నీ ఇష్టం."

నా జవాబులన్నీ నా దగ్గరే మిగిలిపోయాయి. వదిన లోపల్నుంచి, "పరుపు కొత్తది పట్టుకెళ్లమనండి" అంది. ఆవిడ గొంతులో ఏడుపు ఉంది. ఉందనే అనిపించింది.

జులై 26

ఇన్‌స్టిట్యూట్ ఊడ్చే జోజమ్మని రాత్రిళ్లు తోడుంటావా అని అడిగాను. చీపురు పక్కన పెట్టి ఆలోచించింది.

"జీతం మీద ఇంకో ఇరవై ఇస్తే ఉంటానమ్మా. ఆదివారం మాత్రం చర్చికి పోవాలి. ఇంకో మాట. నిన్ను ఎత్తడం నా వల్ల కాదు, ముందే చెప్తున్నా."

"ఎత్తనక్కర్లేదు."

"అయితే సరే" అని మళ్లీ ఊడ్చుకుంది.

నాకు హాయిగా అనిపించింది. ఒక మనిషి తనకేం కావాలో, ఏం వద్దో నా ఎదురుగా నిలబడి చెప్పింది.

ఆగస్టు 2

గది మారాను. అన్నయ్య వచ్చి పంఖా బిగించి వెళ్లాడు. వదిన మూడు రకాల పచ్చళ్లు పంపింది.

ఆగస్టు 18, ఆదివారం

వదిన పుట్టింటికి రెడ్డిగూడెం వెళ్లింది. పది రోజులుంటుందట. వెళ్లేముందు బస్టాండు నుంచి ఇటు వచ్చి చెప్పి వెళ్లింది. కొత్త చీర కట్టుకుంది. ఇంత అందంగా ఉంటుందని నేనెప్పుడూ గమనించలేదు.

ఆగస్టు 25, ఆదివారం

బండి బయటికి తియ్యలేదు.

సెప్టెంబరు 9

పొద్దుటి బ్యాచి అయిపోతుండగా ప్రమీల వచ్చింది. వెంట కూతురు.

కొంచెం ఒళ్లు చేసింది. నన్ను చూడగానే చేతులు పట్టుకుంది. "ఎన్నాళ్లయిందే సరోజినీ! నీ దగ్గరికి రావాలని ఎన్నిసార్లనుకున్నానో. కుదిరితేగా!"

ఆ చేతుల్లోంచి నా చేతులు తీసుకోలేదు. తీసుకోవాలనుకున్నాను. వెచ్చగా ఉన్నాయి.

"జులైలో వచ్చాను. నువ్వు వినగడప వెళ్లావట" అన్నాను.

అమ్మాయి తల వంచుకుని మిషను మీద అక్షరాలు చూస్తోంది. ప్రమీల పైట సర్దుకుని, "అవునే, మా ఆడపడుచుకి ఒంట్లో బాగోలేక" అంది.

"ఇప్పుడెలా ఉంది?"

"ఎవరికి? ఆ, నయమే, నయమే."

తర్వాత వచ్చిన పని చెప్పింది. అమ్మాయి టెన్త్ అయింది, టైపు నేర్పించాలి. మనలో మనకి ఫీజేమిటి, కాస్త చూసి తీసుకో అంది. అందరికీ పన్నెండు రూపాయలే అన్నాను. నవ్వి, మళ్లీ అడిగింది. నేను మళ్లీ చెప్పాను. పర్సు తీసి లెక్కపెట్టి ఇచ్చింది. అమ్మాయిని మూడో మిషను దగ్గర కూర్చోమన్నాను. వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపించాను. మంచి వేళ్లు, సన్నగా, పొడుగ్గా. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు. చెప్పమన్న మాట చెప్పింది.

వెళ్తూ వెళ్తూ ప్రమీల గుమ్మం దగ్గర ఆగి బండిని చూసింది. ఆకుపచ్చ రంగు మీద చెయ్యి వేసి నిమిరింది. బెల్లు కొట్టింది, చిన్నపిల్లలా.

"బాగుందే! ఇంక నీకేం తల్లీ, ఎక్కడికైనా పోవచ్చు" అంది.

"పోవచ్చు" అన్నాను.